కంటబడని ధూళి

సికిందరాబాదునకు ఉత్తరమున, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, యాప్రాల్ అను ఊరు కలదు. తెలంగాణ పల్లెలలో వేపచెట్టును యాపచెట్టని పిలుతురు. అందుచేత ఈ ఊరి పేరు చెవిని బడగనే చల్లని వేపనీడ తలపునకు వచ్చును. ఒకప్పుడు పొలములును, రాతిగుట్టలును, కంటోన్మెంటు భూములును చుట్టునుండిన ఈ పల్లె నేడు మహానగరముతో కలిసిపోయినది. మేడలు లేచినవి, బడులు వెలసినవి, పాతబాటల వెంట వాహనములు బారులు తీరుచున్నవి. ఈ ఊరికి చేరువనే జవహర్‌నగర్ అను చోటు కలదు. హైదరాబాదు మహానగరపు చెత్తలో అత్యధిక భాగము అనేక సంవత్సరములుగా అచ్చటికే చేరుచు వచ్చినది.

గాలి అటునుండి వీచిన సాయంకాలములందు దుర్గంధము ఊళ్లమీదికి వచ్చును. ఇండ్లవారు కిటికీలు మూసికొందురు. బడి పిల్లలు చేతిరుమాలు ముక్కునకు అడ్డము పెట్టుకొని నడతురు. తెల్లవారునప్పటికి గాలి మరలును, వాసన తొలగును, కిటికీలు మరల తెరచుకొనును. గాలి మంచిదైనదని అందరు నిశ్చింతగా నుందురు. ఇచ్చటనే మనమొక ప్రశ్న వేసికొనవలసి యున్నది. వాసన పోయినంత మాత్రమున గాలి శుభ్రపడినట్లేనా? వాసన వచ్చినపుడే గాలి చెడినట్లా?

ముందుగా ఆ వాసన యేమో తెలిసికొందము. చెత్తకుప్ప అడుగున గాలి చొరదు. అట్టి చోట సూక్ష్మజీవులు కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నమును, ఆకులను కుళ్లబెట్టును. అప్పుడు మీథేను అను వాయువు పుట్టును. దానికి వాసన లేదు గాని అది మండును. దానితోపాటు అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడు మొదలగు వాయువులు కొంచెము కొంచెముగా వెడలును. కుళ్లిన గ్రుడ్డు కంపు ఈ హైడ్రోజన్ సల్ఫైడుదే. వందకోట్ల పాళ్ల గాలిలో ఇది కొద్ది పాళ్లున్నను మన ముక్కు పసిగట్టగలదు. ఇంతటి చురుకైన సాక్షి మఱియొకటి లేదని తోచును. కాని ఇదే వాయువు మితిమీరినపుడు ముక్కు వాసన పట్టుటయే మానివేయును. మురుగుగుంతలలో దిగిన కార్మికులు అకస్మాత్తుగా కుప్పకూలుటకు ఇదియు నొక కారణము. అపాయము పెరిగిన కొలది సాక్షి నోరు మూసికొనును. అట్టి సాక్షిని నమ్ముకొని న్యాయము చెప్పుట యెట్లు?

జవహర్‌నగరమున పనియేమియు జరుగలేదని అనరాదు. కోటి టన్నులకు పైబడిన పాత చెత్తగుట్టను మట్టితోను, ప్లాస్టిక్ పొరలతోను కప్పిరి. చెత్తను మండించి విద్యుత్తు పుట్టించు కేంద్రమును 2020 నవంబరులో ప్రారంభించిరి. దాని తొలి సామర్థ్యము 19.8 మెగావాట్లు. అయినను చుట్టుపట్ల గ్రామముల ప్రజలు న్యాయస్థానముల యెదుటను, హరిత ట్రిబ్యునలు ఎదుటను మొరపెట్టుకొనుట మానలేదు. వారి బాధ నిజమైనది. నిద్రకు భంగము కలిగించి, తిన్నది వమనమగునట్లు చేయు కంపు నడుమ బ్రతుకుట సామాన్యమైన కష్టము కాదు. కాని ముక్కు గుర్తించు ఈ కష్టముతోపాటు, ముక్కునకు దొరకని మఱియొక కష్టము ఆ ఊళ్లలోనే కాక మన ఊళ్లన్నిటియందును కలదు. ఈ పాఠము ప్రధానముగా దానిని గూర్చినది.

ఎండకాలపు మధ్యాహ్నమున పెంకుటింటి సందునుండి చీకటిగదిలోనికి ఎండపొడ వ్రాలినపుడు అందు వేలకొలది రేణువులు ఆడుచుండుట మీరు చూచియుందురు. అవి గాలిలోని ముతక ధూళి మాత్రమే. వానికంటె మిక్కిలి చిన్నవి, వాహనముల పొగనుండియు, పొయ్యిలనుండియు, బొగ్గు మండించు కర్మాగారములనుండియు, తగులబెట్టిన చెత్తనుండియు పుట్టును. మిల్లీమీటరులో వేయవ పాలును మైక్రాను అందురు. మన తలవెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. రెండున్నర మైక్రానులు గాని అంతకు లోబడి గాని యుండు ధూళిని శాస్త్రజ్ఞులు వేరుగా లెక్కింతురు, దానిని ‘పి.యం. 2.5’ అని వ్యవహరింతురు. వెంట్రుక అడ్డుకోతపై ఇట్టి రేణువులను ఒకదాని ప్రక్క నొకటి పేర్చినచో ఇరువదికి పైగా వరుసగా పట్టును. దీనిని మనము సూక్ష్మధూళి అందము.

దేహము ధూళి నెదిరించుటకు తగిన ఏర్పాట్లు చేసికొనియే యున్నది. ముక్కులోని వెంట్రుకలు ముతక రేణువులను ఆపును. వానిని దాటినవి శ్వాసనాళముల గోడలకున్న జిగట శ్లేష్మమున చిక్కును. ఆ గోడలపై శైలికలను అతిసూక్ష్మమైన రోమములు వరిచేను గాలికి ఊగినట్లు ఎల్లప్పుడును పైకి ఊగుచు, శ్లేష్మమును గొంతువైపునకు నెట్టుచుండును. మనము దగ్గి ఉమ్మివేయునది అదియే. యుగయుగములుగా మానవుడు ఎదుర్కొన్న దుమ్ము ముతక దుమ్ము గనుక ఈ కాపలా చాలియున్నది. సూక్ష్మధూళి యన్ననో ఈ వాకిళ్లన్నిటిని దాటి ఊపిరితిత్తుల చివరనున్న వాయుకోశములను చేరును. అవి సుమారు ముప్పది కోట్లు. వాని గోడలన్నియు పరచినచో ఒక తరగతి గది నేలకంటె విశాలమగును. ఆ గోడలు మిక్కిలి పలుచనివి. అవతల నెత్తురు ప్రవహించుచుండును. అక్కడ చేరిన ధూళిని తోసివేయుటకు శైలికలు లేవు. రేణువులలో మఱింత చిన్నవి నెత్తుటిలోనికే పోవును. అందువలననే గాలి చెడినపుడు దగ్గు, ఉబ్బసము మాత్రమే గాక గుండెజబ్బు, పక్షవాతము కూడ హెచ్చుచున్నవి. ఊపిరితిత్తుల వ్యాధి యనుకొన్నది గుండెను పట్టుట తొలుత వైద్యులకే ఆశ్చర్యము గొలిపినది.

ఇపుడొక లెక్క కట్టుదము. విశ్రాంతిగా నున్న మనిషి నిమిషమునకు ఇంచుమించు 15 మారులు ఊపిరి తీయును. మారునకు అర లీటరు గాలి లోనికి పోవును. దినమునకు 1,440 నిమిషములు. హెచ్చవేసినచో పదివేల లీటర్లు దాటును. అనగా పది ఘనమీటర్లకు పైన. ఘనమీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల సూక్ష్మధూళి యున్నదనుకొందము. అట్టి గాలి మన నగరములలో అరుదు కాదు. అప్పుడు దినమునకు మనము పీల్చు సూక్ష్మధూళి ఒక మిల్లీగ్రాము కూడ కాదు. నెల దినములు కూడినను ఒక బియ్యపుగింజ యెత్తు మాత్రమగును.

ఇంతేనా యని మీకు తోచవచ్చును. నెలకు ఒక బియ్యపుగింజ! అన్నములో ఇసుక అంతకంటె ఎక్కువ తినుచుండము గదా! సందేహము సరియైనదే. దానికి సమాధానము వంటింటిలో దొరకును. పటికబెల్లపు ముక్కను నీటిలో వేసినచో ఎంతసేపటికో గాని కరగదు. దానినే మెత్తగా నూరి వేసినచో వెంటనే కలిసిపోవును. బరువు మారలేదు, నీటికి తగులు ఉపరితలము మారినది. గింజంత ధూళి లెక్కకు మిక్కిలియైన తునకలుగా చీలినపుడు, ప్రతి తునకయు తన యొంటికి అంటిన మసిని, ఆమ్లములను, లోహములను మోసికొని వాయుకోశపు గోడను తాకును. ఇసుకగింజ పన్ను క్రింద పడి తెలియును, జీర్ణాశయము ద్వారా బయటికి పోవును. ఇది తెలియదు, పోదు.

కంటబడనిది చంపునని లోకము నమ్ముటకు చాల కాలము పట్టినది. 1952 డిసెంబరు 5వ తేదీన లండను నగరమును పొగమంచు క్రమ్మినది. చలికి ప్రతి యింటను బొగ్గు మండుచుండెను. గాలి కదలలేదు. ఐదు దినములు పట్టపగలు దారి కానరాలేదు. బస్సుల ముందు మనుషులు దీపములు పట్టుకొని నడచిరి. నాటకశాలలోనికి పొగ చొరబడి రంగస్థలము కనబడక ఒక సంగీతనాటకమును నడుమ ఆపివేసిరి. 9వ తేదీన గాలి వీచి పొగ విడిపోయెను. జనులు ఊపిరి పీల్చుకొని తమ పనులలోనికి పోయిరి. మృతుల లెక్కలను చూచినపుడు గాని సంగతి బయటపడలేదు. ఆ కాలమున సాధారణముగా చనిపోవు వారికంటె నాలుగువేల మంది అధికముగా చనిపోయిరని నాడు లెక్కతేలినది. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పండ్రెండువేలదాక ఉండవచ్చుననిరి. వీరిలో ఎవరును వీధిలో పొగ తగిలి కూలినవారు కారు. ముసలివారు, పసిపిల్లలు, ఉబ్బసపు రోగులు తమ తమ ఇండ్లలోను, ఆస్పత్రులలోను మామూలు జబ్బులతో పోయినట్లే పోయిరి. పొగ అందరి కండ్లకును కనబడినది; దాని పని మాత్రము లెక్కల పుస్తకములో తప్ప ఎక్కడను కనబడలేదు. నాలుగు సంవత్సరములకు, 1956లో, బ్రిటనులో శుభ్రవాయు చట్టము వెలువడెను.

లండనులో చనిపోయినవారు వృద్ధులును, రోగులును. ఆరోగ్యముగా నున్న మీ యీడు పిల్లల మాట యేమి? దీనిని తెలిసికొనుటకు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు 1993లో ఒక పని మొదలుపెట్టిరి. అది ఎనిమిదవ తరగతి విద్యార్థులు తప్పక తెలిసికొనదగిన కథ.

వారు పండ్రెండు ఊళ్లను ఎన్నుకొనిరి. కొన్నిటి గాలి మంచిది, కొన్నిటిది చెడ్డది. ఆ ఊళ్ల బడులలో పదేండ్ల పిల్లలను జట్టుగా చేర్చుకొనిరి. ప్రతి సంవత్సరము బడికి పోయి, ఒక గొట్టములోనికి గట్టిగా ఊదుడని పిల్లలతో చెప్పెడివారు. గొట్టమునకు తగిలించిన స్పైరోమీటరు అను యంత్రము, పిల్లవాడు మొదటి ఒక్క సెకనులో ఎంత గాలిని ఊదగలిగెనో కొలిచెడిది. ఇదియే వారి పని యంతయు. రక్తము తీయుట లేదు, మందు లేదు. ఊదుట, వ్రాసికొనుట. ఇట్లు ఎనిమిది సంవత్సరములు జరిగెను. 1,759 మంది పిల్లల లెక్కలు తయారయ్యెను.

చిన్నపిల్లలలో ఊపిరితిత్తులు దేహముతోపాటు పెరుగుచుండును. బాలికలకు సుమారు పదునెనిమిదేండ్లకు, బాలురకు మఱి కొంతకాలమునకు ఆ పెరుగుదల పూర్తియగును. ఆ తరువాత పెరుగుట లేదు. కొంతకాలము నిలకడగా నుండి, వయసుతో మెల్లగా తరుగును. కావున పదునెనిమిదేండ్లకు చేకూర్చుకొన్న శక్తియే జీవితమంతయు ఖర్చు పెట్టుకొనవలసిన మూలధనము. కాలిఫోర్నియాలో తేలినదేమనగా, సూక్ష్మధూళి అతి తక్కువగా నున్న ఊరిలో ఊపిరిశక్తి తక్కువగా నిలిచిపోయిన పదునెనిమిదేండ్ల వారు నూటికి 1.6 మంది, అత్యధికముగా నున్న ఊరిలో 7.9 మంది. 2004లో ఈ ఫలితములను ప్రకటించిరి. ఈ పిల్లలు రోగులు కారు. ఆడినారు, పాడినారు, పరీక్షలు వ్రాసినారు. ఊదమని చెప్పి కొలువకున్నచో వారికిగాని, వారి తల్లిదండ్రులకుగాని జరిగిన నష్టము తెలిసియుండెడిది కాదు. నలువదేండ్ల మీదట న్యుమోనియా వచ్చినపుడో, ముసలితనమున మెట్లెక్కునపుడో ఆ తక్కువ బయటపడును.

కథ అంతటితో ముగియలేదు. ఆ యేండ్లలో కాలిఫోర్నియా ప్రభుత్వము వాహనముల పొగపై కఠినమైన నిబంధనలు పెట్టెను. వాహనముల సంఖ్య పెరిగినను గాలిలోని ధూళి తగ్గుచు వచ్చెను. విశ్వవిద్యాలయము వారు మొదటి జట్టు తరువాత రెండవ జట్టును, దాని తరువాత 2007 నుండి మూడవ జట్టును అదే రీతిగా పరీక్షించిరి. పదునైదేండ్ల వయసున ఊపిరిశక్తి లోపించినవారు మొదటి జట్టులో నూటికి సుమారు ఎనిమిదిమంది. రెండవ జట్టులో ఆరుగురు. మూడవ జట్టులో నలుగురికంటె తక్కువ. 2015లో ఇది వెలువడెను. అవే ఊళ్లు, అవే బడులు. తమ్ముళ్ల ఊపిరి అన్నల ఊపిరికంటె బలమైనది. గాలి బాగుపడినచో పిల్లలు బాగుపడుదురని ఊహించుట వేరు, కొలిచి చూపుట వేరు.

అదంతయు దూరదేశపు ముచ్చట గదా యనవచ్చును. మన హైదరాబాదునకు చేరువనే 28 గ్రామములలో ఇట్టి పని జరిగినది. దీని మూలము 1987లో నున్నది. జాతీయ పోషకాహార సంస్థ వారు అప్పుడు ఆ ప్రాంతపు పల్లెలలో గర్భిణులకును, పసిపిల్లలకును ఇచ్చు అదనపు ఆహారము పిల్లల పెరుగుదలకు ఎంత తోడ్పడునో పరీక్షించిరి. ఆ పిల్లలు పెద్దవారైరి. ఆ కుటుంబములనే ఆధారముగా గొని, స్పెయిను దేశమున బార్సిలోనా నగరమందలి పరిశోధకులు మన శాస్త్రజ్ఞులతో కలిసి గాలికిని ఆరోగ్యమునకును గల సంబంధమును పరిశీలించిరి. గ్రామస్థులు చిన్న యంత్రములను ఒంటిపై ధరించి, తాము పీల్చు గాలిని కొలువనిచ్చిరి. ఆ పల్లెలలో సూక్ష్మధూళి సంవత్సరపు సగటు ఘనమీటరునకు సుమారు 33 మైక్రోగ్రాములని తేలెను. పల్లెగాలి యనగా పాలవలె స్వచ్ఛమైనదని మనము చెప్పుకొనుచుందుము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన సంవత్సరపు హద్దు 5 మైక్రోగ్రాములు మాత్రమే.

ధూళి హెచ్చుగా నున్నచోట నివసించువారికి మెడలోని రక్తనాళపు గోడ మందమెక్కుచున్నట్లును, ఎముకల సాంద్రత కొంత తగ్గియున్నట్లును వారు గుర్తించిరి. ఎముకల పరిశీలనలో 3,700 మందికి పైగా పాల్గొనిరి; దానిని 2020లో ప్రకటించిరి. ఇట్టి పరిశీలన రెండు విషయములకు గల పొత్తును చూపును గాని, ఒకటియే మఱియొకదానికి కారణమని తనంతట తాను నిరూపింపజాలదు. శాస్త్రజ్ఞులే ఆ మాట వ్రాసిరి. శాస్త్రమును చదువునపుడు ఇట్టి జాగ్రత్త మనకును అవసరము.

ఆ గ్రామములలో పాల్గొన్నవారిలో సగముకంటె ఎక్కువమంది ఇండ్లలో కట్టెలు, పిడకలు వంటి వంటచెఱకే వాడుకలో నుండెను. కిటికీ లేని వంటింట, పచ్చికట్టె రాజుకొనక, ఊదుగొట్టముతో ఊది ఊది కండ్లు ఎఱ్ఱబారిన తల్లిని చూడనివారు మన పల్లెలలో ఎవరున్నారు? ఊదిన ప్రతిమారును ఆమె తల పొగలోనికే వంగును. వెన్వెంటనే ఊపిరి పీల్చుటయు అందునుండియే. చంకలో బిడ్డ యుండును. పొయ్యికి అడుగు దూరమున వచ్చు పొగ, రాజమార్గము మీది పొగకంటె ఎన్నియో రెట్లు చిక్కనిది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద బీద మహిళలకు వంటగ్యాసు ఇప్పించుట మొదలుపెట్టెను. 2016లో దేశమంతటికిని ఉజ్జ్వల పథకము వచ్చెను. గ్యాసుపొయ్యి సుఖసాధనమని అనేకులనుకొందురు. నాకు తోచినంతవరకు దానిని వైద్యశాలలోని మందులతోపాటు లెక్కింపవలయును. అయితే బండ ఇంటికి వచ్చినంత మాత్రమున చాలదు. అది నిండుకొన్నప్పుడు తిరిగి నింపించుకొను స్తోమతయు ఉండవలయును. లేనిచో మూలనున్న మట్టిపొయ్యి మరల వెలుగును.

మరల యాప్రాలునకు వత్తము. అక్కడి ఆకాశములో ఏయే పొగలు కలియును? చెత్తగుట్టనుండి వచ్చునది ఒకటి. వాహనములది మఱియొకటి. కట్టుచున్న ఇండ్ల సిమెంటు దుమ్ము, కంకర దుమ్ము, బాట అంచున పేరుకొని ప్రతి బండి చక్రమునకు మరల లేచు మట్టి. కరెంటు పోయినపుడు మ్రోగు డీజిలు జనరేటర్లు. తెల్లవాఱుజామున వీధి ఊడ్చి, ప్రోగుచేసిన ఎండుటాకులకు, వానితో కలిసిన ప్లాస్టిక్ సంచులకు పెట్టు నిప్పు. ఈ చివరిది చూచుటకు అతి చిన్నది. కాని అది మన ముంగిట, మనిషి ముక్కు ఎత్తున, బడికి పోవు వేళ మండును. కర్మాగారపు పొగ పొడవైన గొట్టము గుండ పైకి పోయి పలుచబడును. చెత్తమంట పొగ నేరుగా వచ్చును. దూరపు పెద్ద పొగకంటె చేరువనున్న చిన్న పొగ ఒక్కొకప్పుడు ఎక్కువ కీడు చేయును. చెత్తను బహిరంగముగా తగులబెట్టుటను 2016 నాటి నియమములు నిషేధించినవి. ఆ సంవత్సరము డిసెంబరులోనే హరిత ట్రిబ్యునలు అట్లు చేయువారికి ఐదువేల రూపాయల జరిమానాను, పెద్దయెత్తున తగులబెట్టువారికి ఇరువదియైదువేల జరిమానాను విధించెను.

చలికాలమున ఈ పొగ మఱింత బాధించుటకు కారణము కలదు. పగలు ఎండకు నేల వేడెక్కి, నేలనంటిన గాలి తేలికయై పైకి లేచి పొగను వెంట తీసికొనిపోవును. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడును. దాని నంటిన గాలి చల్లనై బరువెక్కి క్రిందనే పడియుండును. పైనున్న గాలి వెచ్చనిది. వెచ్చని గాలి మూతవలె కప్పియుండ, క్రింది పొగ కుండలోని ఆవిరివలె చిక్కుకొనును. లండనులో జరిగినదియు ఇదియే. మన సంక్రాంతి సరిగా ఈ దినములలోనే వచ్చును. భోగినాటి తెల్లవారుజామున, మూత బిగిసియున్న వేళ, వీధివీధిని మంటలు లేచును. ఎండుకట్టెలతోను పిడకలతోను పెద్దలు వేసిన మంట చలికాచుకొనుటకు పనికివచ్చెడిది. నేటి భోగిమంటలలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు పడుచున్నవి. రబ్బరు కాలిన నల్లమసి చుట్టు నిలుచున్న పిల్లలే ముందుగా పీల్తురు. పండుగను మానుమనుట నా అభిప్రాయము కాదు. పాత సామగ్రిని మంటలో వేయవలెనను ఆచారము పుట్టిననాటికి టైరు పుట్టలేదని మాత్రము గుర్తుంచుకొనవచ్చును.

మన దేశమున వాయు కాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చెను. 2000వ సంవత్సరమున పెట్రోలునుండి సీసమును తొలగించిరి. పసిపిల్లల మెదడునకు విషమైన ఆ లోహము వాహనముల పొగలో వీధులలో చల్లబడుట అంతటితో ఆగెను. 2020 ఏప్రిలునుండి వాహనముల ఇంధనములో గంధకము పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు తగ్గినది. అంతకు పూర్వము అది 50 పాళ్లు. ఈ మార్పులు జరిగినట్లు కూడ మనలో చాలమందికి తెలియదు. చెడుగాలి కనబడనట్లే బాగుపడిన గాలియు కనబడదు.

గాలి మంచిచెడ్డలను జనులకు ఒక్క అంకెలో తెలుపుటకు 2014 అక్టోబరులో మన ప్రభుత్వము వాయునాణ్యతా సూచికను ప్రకటించెను. పత్రికలలోను, చేతిఫోనులలోను నేడు కనబడు ఆ అంకెను చదువుట నేర్చుకొనవలయును. సూక్ష్మధూళి, ముతకధూళి, కార్బన్ మోనాక్సైడు, ఓజోను, సీసము మున్నగు ఎనిమిదింటిని అందు పరిగణింతురు. దొరకిన వానికన్నిటికి విడివిడిగా మార్కులు వేసి, సగటు తీయరు. అన్నిటిలో చెడ్డదానినే సూచికగా ప్రకటింతురు. పరీక్షలో అన్ని పాఠములందు గట్టెక్కినను ఒక్కదానియందు తప్పినచో తప్పినట్లే గదా! ఇది న్యాయమైన పద్ధతి. 50 వరకు మంచిది, 100 వరకు సంతృప్తికరము, 200 వరకు మధ్యస్థము, 300 వరకు హీనము, 400 వరకు మిక్కిలి హీనము, ఆపైన తీవ్రము.

ఇందలి ‘సంతృప్తికరము’ అను మాటయందు మాత్రము కొంచెము ఆగవలసియున్నది. మన పట్టికలో దినపు సగటు సూక్ష్మధూళి 60 మైక్రోగ్రాములున్నను సూచిక 100 దాటదు. కావున గాలి సంతృప్తికరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమునకు సూచించిన హద్దు 15. నాలుగు రెట్లున్న గాలికి ఆ పేరు పెట్టుట దేశపు నేటి పరిస్థితులను బట్టి చేసిన ఏర్పాటు. ఊపిరితిత్తుల పరిస్థితిని బట్టి చేసినది కాదు. పేరును చూచి తృప్తిపడక అంకెను చూచుట మేలు. ఉబ్బసము గల విద్యార్థి, సూచిక హెచ్చిన దినమున తెల్లవారుజాము పరుగును మాని, మూత తొలగి గాలి కదలిన తరువాత ఆడుకొనవచ్చును. ఆటలాడునపుడు మనము పీల్చు గాలి కూర్చున్నప్పటికంటె ఎన్నియో రెట్లు అధికము. గుడ్డ చేతిరుమాలు వాసనను కొంత తగ్గించును గాని సూక్ష్మధూళిని దాదాపు ఆపదు; దానికి ‘ఎన్-95’ వంటి ప్రత్యేకపు ముసుగు ముఖమునకు సందులేక అమరవలయును. వీధులూడ్చువారును, కూడలియందు నిలుచు పోలీసువారును, చెత్తలో కాగితములు ఏరుకొనువారును గాలి బాగుపడువరకు ఇంట కూర్చుండజాలరు. వారికి వేళ మార్చుకొను స్వాతంత్ర్యము లేదు.

మీ బడిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. అరచేతియంత తెల్లని అట్టముక్కలు నాలుగు తీసికొని, ఒక్కొకదానిపై వాజిలైను పలుచగా పూయుడు. ఒకటి బడిద్వారము చెంత బాటవైపున, ఒకటి తరగతి గదిలో, ఒకటి చెట్టుక్రింద, ఒకటి ఒక విద్యార్థి ఇంటి వంటగదిలో ఉంచుడు. వంటగదిలోని అట్టను గోడపై ఎత్తున గాక, వంటచేయువారి ముఖము ఎంత ఎత్తుననుండునో అంత ఎత్తుననే కట్టుడు. వాన తగులనీయరాదు. మూడు దినముల తరువాత తీసి, గాజుపెట్టె వంటి మూత క్రింద పెట్టి, భూతద్దముతో చూచి, ఒక చదరపు సెంటీమీటరులో ఎన్ని నల్లని చుక్కలున్నవో లెక్కించుడు. అట్టకు చిక్కునది ముతకధూళి మాత్రమే. సూక్ష్మధూళి ఒక్క రేణువైనను మీ భూతద్దమునకు అందదు. దానికి కాలుష్య నియంత్రణ మండలి వారి యంత్రములే కావలయును. మీ చుక్కల లెక్క ప్రక్కనే ఆ మూడు దినముల సూచికను వ్రాసికొనుడు. గాలి ఏ దిక్కునుండి వీచెనో, సమీపమున ఎవరైన చెత్త తగులబెట్టిరేమో, వంటగదిలో ఏ వంటచెఱకు వాడిరో తేదీతో సహా వ్రాయుడు. ఒకమారు జనవరిలోను, మఱియొకమారు వానలు పడుచుండు జులైలోను ఈ పరీక్ష చేసినచో, రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును.